డిఫాల్ట్స్ నొక్కాక తాళం పడిన ల్యాప్‌టాప్: ఒక సర్వీస్ కేసు

ల్యాప్‌టాప్ మొరాయిస్తే "బయోస్ రీసెట్ కొట్టు" అనేది మా సర్వీస్ లైనులో అందరి నోటా వచ్చే మొదటి సలహా. అంటే, ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే బయోస్ ప్రోగ్రాం సెట్టింగులను ఫ్యాక్టరీ స్థితికి (డిఫాల్ట్స్) తేవడం. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. ఈ కేసులో మాత్రం అసలు జబ్బు చిన్నది, రీసెట్ తెచ్చిన జబ్బు పెద్దది. దాన్ని విప్పిన తీరు తోటి టెక్నీషియన్లకు పనికొస్తుందని రాస్తున్నాను. మనిషిని గానీ, ఊరిని గానీ, నాకంటే ముందు చూసిన షాపును గానీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ల్యాప్‌టాప్ కంపెనీ పేరూ చెప్పడం లేదు. ఇదే కథ ఏ కంపెనీ మెషీన్ మీదైనా జరగొచ్చు.

నేపథ్యం

యజమాని జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేసే పెద్దాయన. కోస్తాలో చిన్న పట్నం, చిన్న ఆఫీసు. క్లయింట్ల ట్యాలీ డేటా, స్కాన్ చేసిన బిల్లులు, డిజిటల్ సంతకం టోకెన్ సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. పదకొండో తరం ఇంటెల్ ప్రాసెసర్, విండోస్ 11 హోమ్. కొన్న కొన్నాళ్లకు ఎస్‌ఎస్‌డీ చాలడం లేదని పెద్దది వేయించారు. ఎవరో కుర్రాడు వచ్చి పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ కొత్తగా ఎక్కించి వెళ్లాడు. ఈ సంగతి ఆయన మాటల మధ్యలో, పెద్దగా లెక్కలోకి తీసుకోకుండా చెప్పారు. నేను మాత్రం జాబ్ షీట్ మీద రాసుకున్నాను. డిస్క్ మారింది, విండోస్ ఫ్యాక్టరీది కాదు అంటే, బయోస్ సెట్టింగుల పేజీల్లో, అంటే సెటప్‌లో, ఏదో ఒకదాని మీద చెయ్యి పడే ఉంటుంది.

బ్యాకప్ గురించి అడిగితే, "డేటా మొత్తం డి డ్రైవ్‌లో ఉంది బాబూ, సి పోయినా ఫర్వాలేదు" అన్నారు. మన దగ్గర పదిమందిలో తొమ్మిది మంది ఇదే అంటారు. ఆ ధీమా ఈ కేసులో ఎంత ప్రమాదమో కాసేపట్లో చెబుతాను.

మొదట్లో ఉన్న ఫిర్యాదులు రెండు. ఒకటి, మూత వేసి తీస్తే అప్పుడప్పుడు తెర నల్లగానే ఉండిపోయేది. పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, బొమ్మ రాదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చేది. రెండోది, ఊరెళ్లినప్పుడు ల్యాప్‌టాప్‌ను బ్యాగులో వదిలేస్తే, ఛార్జింగ్ పూర్తిగా అయిపోయి, తిరిగొచ్చి ఆన్ చేసేసరికి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోయేది. అప్పుడు బ్రౌజర్ గడియారం వెనకబడి ఉందని చెప్పి ఏ పోర్టల్‌నూ తెరవనిచ్చేది కాదు. వెబ్‌సైటు సర్టిఫికెట్ మీద ఎప్పటినుంచి ఎప్పటివరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. మన మెషీన్ తేదీ దానికంటే వెనక ఉంటే, ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని బ్రౌజర్ లెక్క. పోర్టల్ తప్పేమీ లేదు.

ఈ రెండింటికీ కలిపి ఆయన ముందు ఇంకో షాపుకు వెళ్లారు. అక్కడ వెనక మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, బటన్ సెల్ తీసి మళ్లీ పెట్టి, సెటప్‌లోకి వెళ్లి ఎఫ్9 నొక్కి డిఫాల్ట్స్ లోడ్ చేసి, ఎఫ్10 తో సేవ్ చేశారు. అన్నీ ఒకే పూట. దాంతో విండోస్ రావడం మానేసి నీలి తెర వచ్చింది. అప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి రిపేర్ టూల్స్ నడపాలని ఇంకేదో మార్చారు. ఆపైన వచ్చిన తెర బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ అడిగింది. ఆయన ఆ పేరే వినలేదు. "ఇక ఫార్మాట్ తప్పదు" అన్నారట. 20వ తేదీకి క్లయింట్ల జీఎస్టీ 3బీ రిటర్నులు పడాలి, చేతిలో ఉన్న రోజులు తక్కువ. ఆ టెన్షన్‌లో నా దగ్గరికి వచ్చారు.

నా టేబుల్ మీదికి వచ్చినప్పటి స్థితి

ఆన్ చేస్తే నేరుగా నీలం రంగు బిట్‌లాకర్ తెర. 48 అంకెల కీ అడుగుతుంది, కింద కీ ఐడీ చూపిస్తుంది. ముందు ఆ తెర ఫొటో తీసుకున్నాను. కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు కీలకం. ఏ కీ దొరికినా అది ఈ డిస్క్‌దేనా కాదా అని వాటితోనే తేలుతుంది.

సెటప్‌లో ఏమీ ముట్టుకోకుండా ప్రతి పేజీకీ ఫొటో తీశాను. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రాంతోనే మెషీన్‌ను బూట్ కానిచ్చే ఏర్పాటు) డిజేబుల్‌లో ఉంది. టీపీఎమ్ (తాళంచెవులు దాచే భద్రతా చిప్) ఎనేబుల్‌లోనే ఉంది. తేదీ ఏళ్ల వెనక ఉంది. డిస్క్ కంట్రోలర్ గురించి ఏ లైనూ కనబడలేదు. కొన్ని మోడళ్లలో మెయిన్ ట్యాబ్‌లో ఉండి కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే గానీ ఆ లైను బయటపడదు. నొక్కితే వచ్చింది. వీఎండీ కంట్రోలర్: ఎనేబుల్డ్.

తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాను: ఏ తెర ముందు వచ్చింది, ఏది తర్వాత? ఆయనకు గుర్తులేదు. కానీ ఫోన్‌లో ఉంది. కొడుక్కి వాట్సాప్‌లో పంపిన ఫొటోలు రెండు ఉన్నాయి, పక్కన టైముతో సహా. మొదటిది నీలి తెర, స్టాప్ కోడ్ ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్. రెండోది గంటన్నర తర్వాత తీసింది, బిట్‌లాకర్ కీ తెర. కేసు సగం ఈ రెండు ఫొటోల దగ్గరే తేలిపోయింది. ఎలాగో చెప్పాలంటే సెట్టింగులు ఎక్కడెక్కడ దాగి ఉంటాయో కాస్త వివరంగా చెప్పాలి.

ఏ సెట్టింగు ఏ చిప్‌లో

1984లో ఐబీఎమ్ పీసీ ఏటీ వచ్చినప్పుడు అందులో మోటొరోలా ఎంసీ146818 అనే గడియారం చిప్ ఉండేది. దానిలో 64 బైట్ల మెమరీ. 14 బైట్లు గడియారం వాడుకునేది, మిగతా 50లో కంప్యూటర్ సెట్టింగులు ఉండేవి. బ్యాటరీ తీస్తే రెండూ పోయేవి. "సీమాస్ బ్యాటరీ తీసి పెట్టు, సెట్టింగులు క్లియర్ అవుతాయి" అనే సలహా ఆ కాలంలో పుట్టింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో సెల్ కాసేది గడియారాన్నే. సెటప్ ఎంపికలు, బూట్ వరుస, సెక్యూర్ బూట్ తాళాలు బయోస్ ప్రోగ్రాంతో పాటే మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో ఉంటాయి. ఆ చిప్‌కు కరెంటు లేకపోయినా ఏమీ మర్చిపోదు. సెల్ తీస్తే తేదీ పోతుంది, సెట్టింగులు పోతాయన్న నమ్మకం లేదు. అందుకే సెల్ తీసి పెట్టి "క్లియర్ చేశాం" అనుకోవడం చాలాసార్లు వట్టి భ్రమ.

ఇది కాక ఎంబెడెడ్ కంట్రోలర్ అని ఇంకో చిన్న చిప్ ఉంటుంది. పవర్ బటన్, మూత సెన్సర్, ఛార్జింగ్, ఫ్యాన్ దాని పెత్తనం. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసినా దానికి బ్యాటరీ నుంచి సన్నగా కరెంటు అందుతూనే ఉంటుంది. కాబట్టి అది ఒకసారి తికమకపడితే షట్‌డౌన్‌తో సర్దుకోదు. అడాప్టర్ పీకేసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కిపట్టి మిగిలిన చార్జ్ కూడా దిగిపోయేలా చేయాలి. మూత తీస్తే నల్ల తెర, ఛార్జింగ్ ఎక్కకపోవడం, ఫ్యాన్ ఊరికే హోరెత్తడం లాంటివి ఎక్కువగా దీని వాటా.

ఇప్పుడు ఆయన ఫిర్యాదులు చూడండి. నల్ల తెరకు ఎంబెడెడ్ కంట్రోలర్ మీద అనుమానం. తేదీకి బటన్ సెల్ మీద అనుమానం. ఫ్లాష్‌లోని సెటప్ ఎంపికలను అనుమానించడానికి ఆ రెండింటిలో ఒక్క కారణమూ లేదు. ఎఫ్9 అవసరమే లేని కేసు ఇది. అయినా నొక్కడం అలవాటు. ఆ షాపు అబ్బాయిని తప్పుపట్టడానికి రాయడం లేదు, మూత విప్పాక "అది కూడా ఒకటి చేసేద్దాం" అనిపించడం మా పనిలో సహజం.

ఎఫ్9 ఏం మార్చింది? ఈ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో వీఎండీ అనే కంట్రోలర్ ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో ఉంటుంది. అది ఎస్‌ఎస్‌డీకీ విండోస్‌కీ మధ్య కూర్చుంటుంది. మామూలు విండోస్ పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే, ఇంటెల్ డ్రైవర్ విడిగా ఇవ్వకపోతే, డిస్క్ లిస్టు ఖాళీగా కనబడుతుంది. ఈ సంగతి తెలిసిన కుర్రాళ్లు డ్రైవర్ వెతకరు, వీఎండీ ఆఫ్ చేసి పని కానిచ్చేస్తారు. ఎస్‌ఎస్‌డీ మార్చినప్పుడు ఇక్కడ జరిగింది అదే అయి ఉండాలి. అలా ఎక్కిన విండోస్‌కు వీఎండీ వెనక ఉన్న డిస్క్‌ను అందుకునే డ్రైవర్ ఉండదు. డిఫాల్ట్స్ లోడ్ కాగానే వీఎండీ మళ్లీ ఆన్ అయింది. విండోస్ సగం లేచి, తన డిస్క్ తనకే కనబడక, ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్ అని కూలబడింది. మొదటి ఫొటో ఇదే.

ఆ ఫొటో ఇంకో సంగతి కూడా చెబుతోంది. అప్పుడు కీ అడగలేదు! అంటే డిఫాల్ట్స్ నొక్కాక కూడా బిట్‌లాకర్ తలుపు తీసింది. ఆ తర్వాతే విండోస్ కూలింది. తలుపు మూసుకుంది గంటన్నర తర్వాత, పెన్‌డ్రైవ్ బూట్ కోసం సెక్యూర్ బూట్ ఆపినప్పుడు.

బిట్‌లాకర్ డిస్క్ తాళంచెవిని టీపీఎమ్ దగ్గర దాచిపెడుతుంది. మెషీన్ ఆన్ అయిన ప్రతిసారీ, బూట్ ఎలా జరుగుతోందో కొలతలు టీపీఎమ్‌లో నమోదవుతాయి. సెక్యూర్ బూట్ వాడే మెషీన్‌లో మామూలుగా బిట్‌లాకర్ చూసేది 7, 11 నంబర్ల కొలతలు. 7లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా, దాని తాళాల జాబితాలు ఏమిటి అన్నవి ఉంటాయి. కొలత కలిస్తే టీపీఎమ్ చెవి ఇస్తుంది, కలవకపోతే ఇవ్వదు. బ్యాంకులో సంతకం కలవలేదని చెక్కు వెనక్కిచ్చినంత మాత్రాన ఖాతాలో డబ్బు పోయినట్టు కాదు కదా, మళ్లీ పాత సంతకమే పెడితే ఇస్తారు. ఇదీ అంతే. పైగా కొలత ప్రతి బూట్‌కూ సున్నా నుంచి మొదలవుతుంది. నిన్న కలవలేదన్నది ఈరోజుకు అడ్డం కాదు.

కాబట్టి నా ఊహ ఇది: చెవి టీపీఎమ్‌లో భద్రంగానే ఉంది. సెక్యూర్ బూట్‌ను పాత స్థితికి తెస్తే అదే ఇస్తుంది. ఈ ఊహ తప్పడానికి రెండు దారులు ఉన్నాయి. ఎవరైనా "క్లియర్ టీపీఎమ్" నొక్కి ఉంటే చెవి శాశ్వతంగా పోయినట్టే. లేదా సెక్యూర్ బూట్ తాళాలను చెరిపి ఫ్యాక్టరీవి మళ్లీ ఎక్కించి ఉంటే, విండోస్ అప్‌డేట్లు ఇన్నాళ్లుగా పెంచుకుంటూ వచ్చిన నిషేధిత జాబితా పాతదైపోతుంది. అప్పుడు సెక్యూర్ బూట్ ఆన్ చేసినా కొలత వేరేగా వస్తుంది. ఆ షాపుకు ఫోన్ చేశాను. అబ్బాయి దాపరికం లేకుండా చెప్పాడు: "లేదన్నా, సెక్యూర్ బూట్ డిజేబుల్ ఒక్కటే పెట్టా. ఎరేజ్, రీస్టోర్ అవేవీ ముట్టుకోలా." ఆ మాటతో సగం బరువు దిగింది.

చేయకూడదనుకున్నవి

ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించడం సులువు. డి డ్రైవ్ ఉంది కదా అని ఆయనా ఒప్పుకునేవారు. కానీ విండోస్ 11 హోమ్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (హోమ్‌లో బిట్‌లాకర్ ఈ పేరుతోనే ఉంటుంది) సి ఒక్కదానికే తాళం వేయదు, లోపలి డ్రైవ్‌లన్నిటికీ వేస్తుంది. డి దానంతట అది తెరుచుకోవడానికి కావలసిన చెవి సి లోని విండోస్‌లోనే దాచి ఉంటుంది. సి ఫార్మాట్ అయితే ఆ చెవి పోయి, డి కూడా 48 అంకెలు అడుగుతూ కూర్చుంటుంది. ఆయన భద్రం అనుకున్న డ్రైవ్ అలా ఆయన చేతులతోనే పోయేది.

డిస్క్ తీసి వేరే మెషీన్‌కు తగిలిస్తే డేటా వస్తుందా అని కొడుకు ఫోన్‌లో అడిగాడు. రాదు, చెవి ఉన్నది ఈ మదర్‌బోర్డులో. అయినా నేను డిస్క్ తీసి సెక్టార్ సెక్టార్‌గా ఒక ఇమేజ్ తీసిపెట్టాను. తాళం పడిన ఇమేజ్ వేరే చోట చదవడానికి పనికిరాదు గానీ, ముందుముందు ఏ రికవరీ మెనూలోనో చెయ్యి జారి ఏదైనా చెరిగితే తిరిగి ఇదే డిస్క్ మీద పోయడానికి ఉంటుంది. దీనికి గంటలు పట్టింది. తొందరలో ఉన్న మనిషికి ఇది చాదస్తంలా కనిపిస్తుంది. అయినా ఒప్పించాను.

బయోస్ అప్‌డేట్ జోలికి అస్సలు పోలేదు. మామూలప్పుడు మంచి పనే. బిట్‌లాకర్ తాళం పడి ఉన్నప్పుడు మాత్రం ఫర్మ్‌వేర్‌ను కదిలించడమంటే తెలిసిన కొలతను తెలియని కొలతగా మార్చడమే.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఏఎమ్‌డీ మెషీన్లలో కొన్నిసార్లు బూట్ అవుతూనే ఎఫ్‌టీపీఎమ్‌ను (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎమ్) రీసెట్ చేయడానికి వై నొక్కు, వద్దంటే ఎన్ నొక్కు అని ఒక నల్ల తెర వస్తుంది. బిట్‌లాకర్ ఉంటే కీ లేకుండా బూట్ కాదని అందులోనే రాసి ఉంటుంది. ఎవరూ చదవరు, వై నొక్కేస్తారు.

ఫలించనివి

ముందు సులువైన దారి చూశాం, అసలు కీ వెతకడం. డివైస్ ఎన్‌క్రిప్షన్ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు కీని ఆ ఖాతాలోకి పంపేస్తుంది. ఆయన మెయిల్‌తో లాగిన్ అయి రికవరీ కీల పేజీ చూశాం, ఏమీ లేదు. కొడుకు ఖాతాలో ఒక కీ ఉంది. ఆయన ముఖం వెలిగింది గానీ, మొదటి ఎనిమిది అక్షరాలు కలవలేదు. అది అబ్బాయి సొంత ల్యాప్‌టాప్‌ది. విండోస్ ఎక్కించిన కుర్రాడి నంబరు పనిచేయడం లేదు. అతను సెటప్ సమయంలో అప్పటికప్పుడు ఏదో మెయిల్ ఐడీ తెరిచి ఉంటాడని నాకు అనుమానం వచ్చింది. ఆ ఐడీ ఏదో తెలియాలంటే విండోస్‌లోకి పోవాలి, విండోస్‌లోకి పోవాలంటే కీ కావాలి. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

వీఎండీకి సరిపోయే ఇంటెల్ డ్రైవర్‌ను బయటినుంచి విండోస్‌లోకి ఎక్కించడం ఇంకో మార్గం. తాళం పడిన డిస్క్‌లోకి ఏదీ ఎక్కించలేం కాబట్టి అదీ పోయింది.

పనిచేసింది

మార్చాల్సినవి రెండే: సెక్యూర్ బూట్ ఆన్, వీఎండీ ఆఫ్. రెండూ ఒకేసారి మార్చేస్తే ఐదు నిమిషాల పని. మార్చలేదు. ఎందుకంటే కుదరకపోతే ఏది అడ్డమో తెలియదు. వరుస కూడా ఆలోచించాను. ముందు వీఎండీ మారిస్తే, సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉన్నంతసేపూ అదే కీ తెర వస్తుంది. కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ముందు సెక్యూర్ బూట్ మారిస్తే, నా ఊహ నిజమైతే కీ తెర పోయి నీలి తెర రావాలి. అబద్ధమైతే కీ తెరే మళ్లీ రావాలి. ఏది వచ్చినా ఒక సంగతి తేలుతుంది.

సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉండేదని ఎలా అనుకున్నానంటే, ఆయన తనంతట తాను ఎన్‌క్రిప్షన్ పెట్టుకోలేదు. అది దానంతట అది ఆన్ కావాలంటే టీపీఎమ్, సెక్యూర్ బూట్ రెండూ పనిచేస్తూ ఉండాలి. కాబట్టి ఎన్‌క్రిప్షన్ ఆన్ అయిన రోజున సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంది. మొదటి ఫొటోలో కీ అడగకపోవడం కూడా దీనితో సరిపోతోంది.

సెటప్‌లో సెక్యూర్ బూట్ లైను మసకగా ఉంది, బాణం దాని మీదికి పోదు. ఈ మోడల్‌లో ముందు సెక్యూరిటీ ట్యాబ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితేనే అది కదులుతుంది. చిన్న పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. ఇది మర్చిపోతే ఇంకో రోగం. ఆ పక్కనే తాళాలను చెరిపేసే లైనూ, ఫ్యాక్టరీకి మార్చే లైనూ ఉన్నాయి. వాటి జోలికి పోకుండా సెక్యూర్ బూట్ ఒక్కటే ఎనేబుల్ చేసి, ఎఫ్10.

కంపెనీ లోగో వచ్చింది. దాని కింద చుక్కలు తిరిగాయి. కీ తెర రాలేదు. ఇంకాసేపటికి నీలి తెర, ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్. పెద్దాయన "మళ్లీ పాత గొడవేగా" అని నీరసపడ్డారు. ఆ పాత గొడవ కోసమే చూస్తున్నానండీ, టీపీఎమ్ తలుపు తీసింది అని చెప్పాను. మళ్లీ సెటప్‌లోకి వెళ్లి, కంట్రోల్, ఎస్ నొక్కి, వీఎండీ డిజేబుల్ చేసి సేవ్ చేశాను. లాగిన్ తెర వచ్చింది.

ట్యాలీ తెరిచి చూస్తానని ఆయన చెయ్యి చాపారు. ఆగమన్నాను. మొదట అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మేనేజ్-బీడీఈ కమాండ్‌తో సి, డి రెండింటి రికవరీ పాస్‌వర్డ్‌లు తెర మీదికి తెచ్చి, ఆయన చేతనే కాగితం మీద రాయించాను. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. సి కీ ఐడీ, నేను తీసిన ఫొటోలోది ఒకటే. తర్వాత డేటా మొత్తం బయటి హార్డ్‌డిస్క్‌కు కాపీ. ఖాతాల పేజీ చూస్తే నా అనుమానం నిజమే. ఎవరికీ గుర్తులేని ఒక మెయిల్ ఐడీ అడ్మిన్‌గా ఉంది, కీ పోయి కూర్చున్నది దాంట్లోనే. ఆయన సొంత ఖాతాను అడ్మిన్ చేసి, కీలు అందులో చేరాయని వెబ్ పేజీలో కళ్లతో చూశాకే ఆ పాత ఖాతాను తీయించాను.

అసలు జబ్బు

ఇంత జరిగాక మొదటి ఫిర్యాదుల దగ్గరికి వచ్చాం. మూత వేసి తీశాను, బొమ్మ వచ్చింది. ఛార్జర్ పెట్టి, తీసి, రాత్రంతా స్లీప్‌లో ఉంచి చూశాను. నల్ల తెర రాలేదు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ముందటి షాపులో బ్యాటరీ కనెక్టర్ ఊడదీశారు కదా, ఎంబెడెడ్ కంట్రోలర్ అప్పుడే సర్దుకుని ఉండాలి. అంటే వాళ్లు జబ్బు నయం చేసేశారు, కానీ ఆ సంగతి వాళ్లకే తెలియలేదు! బ్యాటరీ తీసి పెట్టగానే ఆగి, ఒకసారి ఆన్ చేసి చూసి ఉంటే విండోస్ వచ్చేది, మూత పరీక్షా నెగ్గేది. మూడు పనులూ కలిపి చేయడం వల్ల నయం చేసిన పని మీద చెడగొట్టిన పని వచ్చి పడింది.

తేదీ గొడవ మాత్రం అలాగే ఉంది. బిట్‌లాకర్‌ను సస్పెండ్‌లో పెట్టి (తాత్కాలికంగా ఆపి), మూత విప్పి, సెల్‌కు మల్టీమీటర్ పెట్టాను. మూడు వోల్టులు ఉండాల్సిన సీఆర్2032 రెండు కూడా చూపించలేదు. తీసి అదే సెల్‌ను మళ్లీ పెట్టినంత మాత్రాన అది బాగుపడదు. ఇది హోల్డర్‌లో కూర్చునే రకం కాదు, రెండు వైర్లతో చిన్న కనెక్టర్ ఉన్నది, నల్ల తొడుగులో ఉంటుంది. విడి సెల్ కొని వైర్లు అతికించేవాళ్లు ఉన్నారు. లిథియం సెల్‌కు నేరుగా సోల్డర్ వేడి తగిలించడం నాకు ఇష్టం లేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ నుంచి వైర్ ఉన్నదే తెప్పించి వేశాను.

కొత్త సెల్ వచ్చేవరకు పాతది తీసే ఉంచాను. ఆ సమయంలో సెటప్ చూస్తే వీఎండీ డిజేబుల్‌గానే ఉంది, సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంది. తేదీ ఒక్కటే పోయింది. ఈ మెషీన్‌లో సెల్ తీయడం సెటప్ ఎంపికలను కదిలించదని, వీఎండీని తిప్పింది ఎఫ్9 ఒక్కటేనని దీంతో రూఢి అయింది. కొత్త సెల్ వేసి, తేదీ సరిచేసి, సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ ఖాళీ చేసి, బిట్‌లాకర్‌ను మళ్లీ నడిపించి, బ్యాటరీ కనెక్టర్ తీసేసి ఒక రాత్రి ఉంచాను. తెల్లారి తేదీ సరిగ్గా ఉంది. రిటర్నులు గడువులోగా పడ్డాయి.

ఈ కేసు తర్వాత షాపులో మారినవి

మారినవి పెద్దవేమీ కావు. జాబ్ షీట్ మీద "ఏ తెర ముందు, ఏది తర్వాత" అన్న గడి చేర్చాను. అడిగితే గుర్తులేదనేవాళ్లే ఎక్కువ, ఫోన్‌లో ఫొటోలు చూడమంటే దొరుకుతాయి. ఎవరి మెషీన్‌లోనైనా సెటప్‌లోకి పోతే, మొదటి పని అన్ని పేజీల ఫొటోలు. దాచి ఉన్న లైన్లు కూడా బయటికి తెప్పించి తీయాలి. విండోస్ వస్తున్న మెషీన్ అయితే, విప్పకముందే రికవరీ కీ ఉందో లేదో చూసి, సస్పెండ్ చేసి మరీ విప్పుతాం. "ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నారా" అని కస్టమర్‌ను అడిగితే లాభం లేదు, లేదనే చెబుతారు. కమాండ్‌ను అడగాలి.

రీసెట్ల విషయంలో మా కుర్రాళ్లకు చెప్పిందల్లా వరుస. పవర్ డ్రెయిన్ (అడాప్టర్, బ్యాటరీ ఊడదీసి మిగిలిన చార్జ్ దించడం) ముందు, ఎందుకంటే దాంతో పోయేదేమీ ఉండదు. అది చేసి, ఆన్ చేసి, చూడాలి. తేదీ గొడవ ఉంటే సెల్‌కు మీటర్ పెట్టాలి. డిఫాల్ట్స్ చివర, అదీ సెటప్‌లో ఫలానా ఎంపిక తప్పుగా ఉందన్న అనుమానానికి ఒక ఆధారం ఉంటేనే. ఓవర్‌క్లాక్ చేసి పాడుచేసుకున్నవి, ర్యామ్ మార్చాక తెర రానివి, ఏవేవో మార్చేసి ఏం మార్చారో చెప్పలేనివి వస్తుంటాయి. వాటికి డిఫాల్ట్స్ మంచి మందే.

తేలని పని ఒకటి మిగిలింది. ఆ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఇప్పటికీ వీఎండీ ఆఫ్ మీదే నడుస్తోంది. రేపు ఇంకెవరైనా ఎఫ్9 నొక్కితే అదే నీలి తెర వస్తుంది. ఇంటెల్ డ్రైవర్ ఎక్కించి, బిట్‌లాకర్ సస్పెండ్ చేసి, సేఫ్ మోడ్ మీదుగా వీఎండీ ఆన్‌కు మార్చేస్తే ఫ్యాక్టరీ డిఫాల్ట్, విండోస్ ఒకే దారిలోకి వస్తాయి. గడువు ముంచుకొస్తుండగా, అప్పుడే లేచిన మెషీన్ మీద ఆ ప్రయోగం వద్దనుకున్నాను. వెనక మూత లోపలివైపు "వీఎండీ ఆఫ్, సెక్యూర్ బూట్ ఆన్, డిఫాల్ట్స్ లోడ్ చేయవద్దు" అని స్టిక్కర్ అంటించి పంపాను. ఆడిట్ సీజన్ అయిపోగానే తెస్తానన్నారు. ఇంకా తేలేదు.